నొప్పిలేని జబ్బుకు సెలవు

2014 జనవరిలో, నా నలభై ఎనిమిదో ఏట, కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళినచోట నాకు గ్లాకోమా, అంటే నీటికాసుల జబ్బు, ఉందని తెలిసింది. అంతకుముందు అయిదేళ్ళలో విశాఖపట్నం గాజువాకలోని ఒకే కళ్ళద్దాల దుకాణంలో మూడు జతలు మార్చాను. మా వీధిలో పెట్టిన ఉచిత కంటి శిబిరంలో టార్చిలైటు వేసి చూసి, శుక్లం లేదు, కళ్ళు బాగున్నాయని పంపించారు. శుక్లం లేదన్నది నిజమే. కాని కంటి లోపలి ఒత్తిడిని ఎవరూ కొలవలేదు, కంటి వెనుక నరాన్ని ఎవరూ చూడలేదు. ఈసారి కొలిస్తే కుడికంట్లో 26, ఎడమకంట్లో 31 ఉంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలట. కంట్లో నిత్యం ఊరే ద్రవం బయటికి పోయే దారి మందగించినప్పుడు ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరంలోని పోగులు కొద్దికొద్దిగా చచ్చిపోతాయని, చూపు అంచుల నుంచి తగ్గుతుంది కనుక మనిషికి తెలియదని, పోయిన చూపు ఏ మందుతోనూ తిరిగి రాదని డాక్టరుగారు ఓపికగా చెప్పారు.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు, "నీటికాసులా? ఇంకా ముదరలేదేమో, ముదిరాక తీయించుకుందువులే" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. శుక్లాల విషయంలో తరతరాలుగా విన్న మాట అది. ముదిరేదాకా ఆగడమంటే ఈ జబ్బులో చూపు పోయేదాకా ఆగడమని ఆవిడకు నచ్చజెప్పలేకపోయాను. నిజానికి నాకే పూర్తిగా నమ్మకం కలగలేదు, ఎందుకంటే నొప్పి లేదు, ఎరుపు లేదు, చిట్టా పుస్తకంలోని అంకెలన్నీ స్పష్టంగానే కనిపిస్తున్నాయి.

అప్పట్లో నేను పోర్టు దగ్గర సరుకు రవాణా చేసే ఒక ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని కనుక, ఈ జబ్బు ఖర్చును కూడా లెక్కకట్టి చూశాను. ఏడాదికి నాలుగుసార్లు డాక్టరుకు చూపించుకోవాలి, చూపు అంచుల్లో ఎంతమేర మిగిలిందో చూసే ఫీల్డ్ టెస్టు రెండుసార్లు చేయించుకోవాలి. చూపించుకునే రోజు కనుపాప పెద్దది కావడానికి మందు వేస్తారు. ఆపైన సాయంత్రం దాకా అక్షరం కనబడదు, బయట ఎండ సూదుల్లా గుచ్చుకుంటుంది, ఒంటరిగా బస్సెక్కి ఎన్‌ఏడీ కూడలి దాటి గాజువాక చేరడం నా వల్ల కాదు. మా ఆయనది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని, రాకపోతే ఆ రోజు కూలి లేదు. ఫీల్డ్ టెస్టుకు తోడు అక్కరలేదు గాని, దానికి వేరే తేదీ ఇస్తారు. వెరసి ఏడాదికి పది పనిదినాలు. డబ్బు కన్నా సెలవు అడగడమే కష్టంగా ఉండేది. జ్వరమొచ్చిందంటే మా మేనేజరుగారు వెంటనే వెళ్ళమనేవారు, కంటి పరీక్ష అంటే మాత్రం "కళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా, వచ్చే వారం చూద్దాం" అనేవారు. ఆ వచ్చే వారం నెల దాటేది.

ఇక చుక్కల మందు సంగతి. రాత్రి పడుకునే ముందు ఒక్కో కంట్లో ఒక్కటే చుక్క. రెండున్నర మిల్లీలీటర్ల సీసా నెలకు సరిపోవాలి. నా చేతిలో అది ఇరవయ్యో తేదీకే ఖాళీ అయ్యేది, ఎందుకంటే ఒక చుక్క కంట్లో పడితే ఇంకొకటి చెంప మీద పడేది. జీతం వచ్చేదాకా ఆ పది రోజులు మందు లేకుండానే గడిపేదాన్ని. ఆఫీసు వాళ్ళ బీమా ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది, సీసాలకు వర్తించదు.

ఆ ఏడే అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. మా వీధికి వారం దాటాక గాని కరెంటు రాలేదు. ఫ్రిజ్ ఆగిపోయింది కాబట్టి మందు పాడైపోయిందనుకుని, వాడుతున్న సీసాను కూడా పారేశాను. తెరవని సీసాకే ఫ్రిజ్ ముఖ్యమని, తెరిచినదాన్ని ఎండ తగలని చల్లని చోట ఉంచి కొన్ని వారాలు వాడుకోవచ్చని అప్పటికి నాకు తెలియదు. నీళ్ళకూ పాలకూ వరుసలో నిలబడే రోజుల్లో కంటి చుక్కల కోసం తిరగాలని ఎవరికి తోస్తుంది? దాదాపు మూడు వారాలు మందు లేకుండా గడిచాయి, కంటికి ఏమీ కాలేదు. నాకు జరిగిన అసలు నష్టం ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఏమీ కాలేదన్న ఆ ధైర్యం తరువాతి ఆరేళ్ళూ నన్ను వదల్లేదు. తేదీలు తప్పినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలయ్యాక పద్నాలుగు నెలలు ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఒక ఆదివారం తలంటుకుంటుంటే కుంకుడు రసం కుడికంట్లో పడింది. ఆ కన్ను గట్టిగా మూసుకుని, తువ్వాలు కోసం ఎడమకంటితో చూస్తే, ఎదురుగా ఉన్న తలుపు పై సగం మామూలుగా ఉంది గాని, కింది సగం ముక్కు వైపు పొగమంచులో కలిసిపోయినట్టుంది. రెండు కళ్ళూ తెరిస్తే తలుపు మళ్ళీ పూర్తిగా కనిపించింది. బాగున్న కన్ను బాగాలేని కంటి లోటును ఇన్నాళ్ళూ పూడ్చుతూ వచ్చిందన్నమాట.

తెల్లారి సెలవు అడగలేదు, రావడం లేదని ఫోనులో చెప్పేశాను. ఎడమకంట్లో ఒత్తిడి 34 ఉంది. రెండో మందు కలిపినా తగినంత దిగకపోవడంతో నెల తిరగకుండా ఆపరేషన్ చేశారు. పైరెప్ప చాటున తెల్లగుడ్డులో చిన్న దారి చేసి, ద్రవం అటుగా పోయేట్టు చూస్తారు. కంటి చుట్టూ మత్తుసూది ఇచ్చినప్పుడు తప్ప బాధ తెలియలేదు. ఆ తరువాతి ఆరు వారాలే కష్టం. తలస్నానం కూడదు, వంగి బిందె ఎత్తకూడదు, చూపు మసక, వారం వారం పరీక్ష. ఆశ్చర్యమేమిటంటే, కంటి మీద కట్టు కనబడేసరికి మేనేజరుగారు అడగకుండానే సెలవిచ్చారు, చుట్టాలు పళ్ళు పట్టుకుని వచ్చారు.

ఇప్పుడు ఆ కంట్లో ఒత్తిడి 12. తలుపు కింది సగం మాత్రం తిరిగి రాలేదు. గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, మధ్య చుక్కను చూస్తూ, పక్కన వెలుగు మెరిసినప్పుడల్లా మీట నొక్కే ఫీల్డ్ టెస్టు కాగితంలో ఆ చోటు నల్లగానే ఉంది. మూడేళ్ళుగా ఆ నలుపు పెరగలేదు. కోలుకున్నావా అని అడిగినవారికి ఆ కాగితమే చూపిస్తాను. చుక్క వేసుకోవడం కూడా ఒక నర్సమ్మ మళ్ళీ మొదటి నుంచి నేర్పింది. కింది రెప్పను జేబులా లాగి ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచాలి. ఇప్పుడు సీసా నెల చివరిదాకా వస్తోంది. ఏడేళ్ళు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తోడబుట్టినవాళ్ళకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని చెప్పారు కనుక, విజయనగరంలో ఉన్న తమ్ముణ్ణి పోరి పోరి పరీక్షకు రప్పించాను. వాడికి ఒత్తిడి 25. నరం మీద మార్పు మొదలైంది గాని చూపు ఇంకా పోలేదు. బయటికి రాగానే, "నాకేటీ నొప్పి లేదు కదప్పా, మూడు నెలలకోపాలి ఎందుకు రావడం?" అన్నాడు. తలుపు సంగతి చెప్పాను. ఏమీ మాట్లాడలేదు గాని, తరువాతి తేదీని ఫోనులో రాసుకున్నాడు. ఈసారి ఇద్దరికీ ఒకే రోజు ఇస్తామన్నారు. ఇద్దరి కళ్ళలోనూ మందు వేస్తే బస్సు దాకా చెయ్యి పట్టుకునేవారు ఉండరు కనుక, వాడికి బుధవారం, నాకు గురువారం అడిగి రాయించుకున్నాం.