ఒబామా పథకం కింద ఇంటి రుణం తగ్గించుకున్న వైనం: నా అనుభవం

మా ఇంటి రుణానికి శాశ్వత సవరణ, అంటే నెల వాయిదా తగ్గేలా షరతుల మార్పు, మంజూరైనట్టు బ్యాంకు సంతకంతో కూడిన ఒప్పందం ఈ డిసెంబరు మొదటి వారంలో, అంటే 2010 ముగుస్తుండగా, చేతికి వచ్చింది. ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ చుట్టుపక్కల ఇంటి రుణం భారమై ఇదే అవస్థలో ఉన్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయని, పరువు పోతుందన్న భయంతో ఎవరూ నోరు విప్పడం లేదని నాకు తెలుసు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. 2008లో ఎంతో నమ్మకంతో ఒబామా గారికి ఓటు వేసిన మనిషిని నేను. ఆ నమ్మకం ఎక్కడ సన్నగిల్లిందో చెప్పకుండా ఈ రుణం కథ చెప్పలేను.

పౌరసత్వం దశ సులువుగానే గడిచింది. 675 డాలర్ల రుసుము కట్టాను, పది ప్రశ్నల్లో ఆరింటికి సరైన జవాబు చెబితే చాలన్న పరీక్షలో మొదటి ఆరింటితోనే అధికారి చాలన్నారు, 2008 వేసవిలో ప్రమాణం చేసి ఆ వారమే ఓటరుగా నమోదయ్యాను. ఆరిజోనా ఒబామా ప్రత్యర్థి మెకెయిన్ గారి సొంత రాష్ట్రమని, ఇక్కడి పది ఎలక్టోరల్ ఓట్లూ (అధ్యక్షుణ్ణి తేల్చేవి ఇవే, రాష్ట్రంలో గెలిచినవారికే అన్నీ దక్కుతాయి) ఆయన ఖాతాలోకే వెళ్తాయని తెలిసినా, సాయంత్రాలు ఒబామా ప్రచార కార్యాలయంలో కూర్చుని పక్క రాష్ట్రాల ఓటర్లకు ఫోన్లు చేశాను. నవంబరు 4 రాత్రి ఒబామా 365 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచి షికాగో గ్రాంట్ పార్కులో మాట్లాడుతుంటే, మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. ఆ 365లో నా ఓటుకు భాగం లేదన్న సంగతి ఆ రాత్రి నాకు గుర్తు కూడా రాలేదు.

నా ఆశ గాలిలోది కాదు. బుష్ గారి హయాం చివర్లో ఆర్థిక సంస్థలను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్లు మంజూరు చేసిన ప్రభుత్వం, మనిషి మారాక ఇంటి యజమాని వంక కూడా చూస్తుందని ఆశించాను. 2006లో, ధరలు శిఖరాన ఉన్నప్పుడు, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో 3,40,000 డాలర్లకు కొన్న మా ఇల్లు 2009 నాటికి అందులో సగం కూడా చేయడం లేదు. ఆ ఏడాది జనవరిలో మా ఆవిడ ఉద్యోగం పోయింది. ఫిబ్రవరి 18న అధ్యక్షుడు మా ఊరి పక్కనే, మేసాలోని డాబ్సన్ హైస్కూలుకు స్వయంగా వచ్చి, 7,500 కోట్ల డాలర్లతో 30 నుంచి 40 లక్షల కుటుంబాల ఇళ్లు నిలబెట్టే పథకాన్ని ప్రకటించారు. అమెరికాలో ఇన్ని ఊళ్లుండగా మా పక్క ఊరినే ఎంచుకోవడం, ఆ పథకం మా కోసమే రాసినట్టనిపించింది.

కాగితం మీద చూస్తే పథకం చక్కనిదే. ఆస్తి పన్ను, బీమాతో కలిపి నెల వాయిదా కుటుంబ స్థూల ఆదాయంలో 31 శాతానికి దిగేదాకా, ముందు వడ్డీని 2 శాతం వరకు తగ్గించాలి, అది చాలకపోతే గడువును 40 ఏళ్లకు పెంచాలి, అదీ చాలకపోతే అసలులో కొంత భాగాన్ని వడ్డీ లేకుండా చివరికి నెట్టాలి. మూడు నెలలు ట్రయల్ వాయిదాలు, అంటే పరీక్షగా పెట్టే తగ్గించిన వాయిదాలు, సకాలంలో కడితే సవరణ శాశ్వతమవుతుంది. అర్హతలన్నీ మాకు సరిపోయాయి. ట్రయల్ కూడా ఫోనులో చెప్పిన ఆదాయం మీదనే, పెద్దగా ప్రశ్నలేమీ లేకుండా మొదలైంది.

అసలు నరకం ఆ తర్వాతే మొదలైంది. కావలసిన కాగితాలు పెద్దగా ఏమీ లేవు: ఇటీవలి జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను వివరాలు తీసుకోవడానికి అనుమతిచ్చే 4506-టీ ఫారం, కష్టాన్ని వివరించే ప్రమాణ పత్రం. ఇవన్నీ ఫ్యాక్స్ చేశాను. వారం తర్వాత ఫోను చేస్తే అందలేదన్నారు. మళ్లీ పంపాను. ఈసారి అందాయి కానీ రెండో పేజీ లేదన్నారు. ఆ రెండో పేజీ ఖాళీ పేజీ, దాని మీద ‘ఈ పేజీని కావాలనే ఖాళీగా ఉంచడమైనది’ అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. అది కూడా పంపేసరికి జీతం చీటీలకు తొంభై రోజులు దాటాయని, పాతవి చెల్లవని, అన్నీ మొదటి నుంచి పంపమని చెప్పారు. చీటీలు పాతబడింది వాళ్ల బల్ల మీదనే అని నేనంటే, ఆ సంగతి తన తెర మీద కనబడటం లేదని అవతలి గొంతు మర్యాదగా జవాబిచ్చింది. ఒకసారి మాట్లాడిన మనిషి మళ్లీ దొరకడు, ఒకరు రాసుకున్నది ఇంకొకరికి కనబడదు, పైగా ప్రతి ఫోనూ నా కథను మొదటి నుంచి చెప్పించుకుంటుంది.

అన్నింటికంటే నన్ను కుంగదీసింది నెలవారీ ఖర్చుల గురించి జరిగిన సంభాషణ. నా బ్యాంకు స్టేట్‌మెంటులో ప్రతి నెలా ఇండియాకు వెళ్లే 300 డాలర్లు వాళ్ల కంట పడ్డాయి. అవి ఎవరికని అడిగితే మా నాన్నగారి మందులకూ ఇంటి ఖర్చుకూ అని చెప్పాను. ఆయన మీ ఇంట్లో ఉండరు కదా, ఈ ఖర్చు ఐచ్ఛికం కదా, దీన్ని ఆపడానికి సిద్ధమేనా అని ఆ అమ్మాయి అడిగింది. ఆమె వయసు మా పెద్దమ్మాయి వయసుకు కాస్త అటూఇటూ ఉంటుందేమో. ఎదుట ఉన్న కాగితం చదువుతోందే తప్ప నన్ను అవమానించాలన్న ఉద్దేశం ఆమెకు ఉండి ఉండదు. అయినా వంటింట్లో మా ఆవిడ వింటూ ఉండగా, కన్నతండ్రికి పంపే డబ్బుకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినప్పుడు నా గొంతు పెగల్లేదు. ఆపనని మాత్రం చెప్పాను. దాన్ని లిఖితపూర్వకంగా వివరిస్తూ సంతకం చేసి ఫ్యాక్స్ చేయమన్నారు. చేశాను. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఒక్క బిల్లు కూడా ఒక్క రోజు ఆలస్యంగా కట్టని మనిషిని నేనని ఆ లేఖలో రాశాను. అది చదివిన వాళ్లెవరైనా ఉన్నారో లేదో తెలియదు.

మూడు నెలలని చెప్పిన ట్రయల్ వాయిదాలను ఎన్నో నెలలపాటు కడుతూనే ఉన్నాను. ప్రతిసారీ వేళకే కట్టాను. అయినా పాత వాయిదాకూ ట్రయల్ వాయిదాకూ ఉన్న తేడాను బ్యాంకు బకాయిగానే లెక్కవేస్తూ, దానికి ఆలస్య రుసుములు చేరుస్తూ వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం కూరగాయల సంచులతో దిగేసరికి ముందు తలుపుకు టేపుతో అంటించిన కాగితం కనబడింది. ట్రస్టీ సేల్ నోటీసు అది, అంటే ఇంటి వేలం నోటీసు. ఆరిజోనాలో ఇల్లు వేలం వేయడానికి కోర్టు తీర్పు అక్కరలేదు. కౌంటీ (మన జిల్లా లాంటిది) కార్యాలయంలో నోటీసు నమోదు చేసి తొంభై రోజులు ఆగితే చాలు. మా పేర్లు, ఇంటి చిరునామా, బాకీ మొత్తం, వేలం తేదీ, వేళ అన్నీ దాని మీద ఉన్నాయి. టేపు గట్టిగా అంటించారు కాబోలు, లాగితే తలుపు రంగు పెచ్చులుగా ఊడి వచ్చింది. ఎదురింటివాళ్లు తోటకు నీళ్లు పెడుతున్నారు, చూడనట్టే ఉన్నారు. సోమవారం ఫోను చేస్తే సవరణ విభాగం ఆ నోటీసు సంగతి తమకు తెలియదంది. వేలం విభాగమేమో సవరణ సంగతి తమకు తెలియదంది. ఒకే బ్యాంకు, ఒకే రుణం, ఒక చేత్తో అర్జీ తీసుకుంటూ రెండో చేత్తో వేలం పాట పెట్టింది.

ఇక్కడే అధ్యక్షుడి మీద నా కోపం మొదలవుతుంది. బ్యాంకు బ్యాంకులాగే ప్రవర్తించింది, దాని నుంచి నేను అంతకంటే ఆశించలేదు. కానీ నిర్ణయం ఎవరి చేతిలో పెట్టాలో ఎంచుకున్నది ఆయన ప్రభుత్వం. ఈ దేశపు దివాలా చట్టం ప్రకారం విహారానికి కొనుక్కున్న రెండో ఇంటి అప్పును జడ్జి తగ్గించగలరు, తాముండే ఇంటి అప్పును మాత్రం తగ్గించలేరు. ఆ వింతను సరిచేస్తానని ఒబామా గారు ప్రచారంలో చెప్పారు. 2009 మార్చిలో ప్రతినిధుల సభ ఆ బిల్లును ఆమోదించింది. ఏప్రిల్ 30న సెనేట్‌లో 45–51 తేడాతో అది ఓడిపోయింది, వ్యతిరేకించినవారిలో ఆయన సొంత పార్టీ సెనేటర్లు పన్నెండు మంది ఉన్నారు. వాళ్లను కూడగట్టడానికి శ్వేతసౌధం గట్టి ప్రయత్నమేదీ చేసినట్టు నాకు కనబడలేదు. ఆ చట్టం ఉంటే బ్యాంకుకు భయం ఉండేది. అది పోయాక మిగిలింది ప్రోత్సాహకమే: శాశ్వతమైన ప్రతి సవరణకూ బ్యాంకుకు వెయ్యి డాలర్లు. మాట తప్పిన బ్యాంకు మీద ఖజానా శాఖ ఇంతవరకు జరిమానా వేసిందే లేదు. బాకీదారుకు ఆలస్య రుసుము, బ్యాంకుకు బహుమానం అన్న ఏర్పాటు ఎవరి పక్షమో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు. గ్వాంటానమో జైలును ఏడాదిలో మూసేస్తామన్న ఉత్తర్వు, ఆరోగ్య చట్టంలో కనబడకుండా పోయిన ప్రభుత్వ బీమా, ఇవి కూడా నన్ను బాధించినవే. కానీ వాటిని పత్రికలో చదివాను, దీన్ని నా తలుపు మీద చదివాను.

దారి తెరిచింది మా ప్రాంతం నుంచి అమెరికా చట్టసభకు (కాంగ్రెస్‌కు) ఎన్నికైన సభ్యుడి స్థానిక కార్యాలయం. మా పక్క వీధి తెలుగాయన ఒకరు నోటీసు సంగతి ఎలాగో తెలుసుకుని, “బ్యాంకుతో ఎంత మొత్తుకున్నా లాభం లేదండీ, కాంగ్రెస్‌మన్ ఆఫీసుకు వెళ్లి మీ ఫైలు చూడటానికి వాళ్లకు అనుమతి రాసివ్వండి” అన్నారు. రాసిచ్చిన పది రోజుల్లోపే బ్యాంకులో ఇంకేదో ప్రత్యేక విభాగం వాళ్లు, తమంతట తామే, పేరూ నేరు నంబరూ చెప్పి ఫోను చేశారు. అన్ని నెలలూ దొరకని కాగితాలు అప్పుడు వాళ్ల దగ్గరే దొరికాయి. వేలం వాయిదా పడింది. నా సలహా ఇదే: రెండోసారి కాగితాలు పోయాయన్న రోజే అక్కడికి వెళ్లండి. ముందుగా డబ్బు తీసుకుని సవరణ చేయిస్తామనే ఏజెంట్లను గడప తొక్కనివ్వకండి. కేంద్ర గృహ శాఖ గుర్తింపు ఉన్న సలహాదారులు ఇదే పని ఉచితంగా చేస్తారు. ఫ్యాక్స్ వెళ్లినట్టు వచ్చే చీటీలను తేదీల వారీగా దాచుకోండి. ఇక మన సంఘాల పెద్దలను సాయమడగకండి. నేనడిగితే ఓదార్పూ దొరకలేదు, సాయమూ దొరకలేదు, నా ఇంటి సంగతి మాత్రం దీపావళి విందులో అందరికీ తెలిసింది.

ఒప్పందంలో వడ్డీ 2 శాతానికి దిగింది, నెలకు దాదాపు 700 డాలర్లు మిగులుతాయి. అది చిన్న మేలు కాదు, దాన్ని కాదనను. అయితే ట్రయల్ కాలపు తేడా, వడ్డీ అన్నీ అసలులో కలిపేశారు కనుక, దరఖాస్తు పెట్టిన నాటికంటే ఈరోజు నా అప్పే ఎక్కువ. అయిదేళ్ల తర్వాత వడ్డీ ఏడాదికో శాతం చొప్పున కొంతమేరకు మళ్లీ పెరుగుతుంది. 30 నుంచి 40 లక్షల ఇళ్లన్న పథకంలో ఇప్పటికి శాశ్వత సవరణ నిలిచినవి అయిదు లక్షల చిల్లర మాత్రమే. అంతకంటే ఎక్కువ మంది ట్రయల్ దశలోనే బయటికి నెట్టబడ్డారు. మాకు సాయం చేసిన కాంగ్రెస్ సభ్యుడు డెమొక్రాట్. గత నెల ఎన్నికల్లో ఆ పార్టీ ప్రతినిధుల సభలో 63 స్థానాలు పోగొట్టుకుంది, ఆయన స్థానం కూడా అందులో ఉంది.

ఒప్పందం వచ్చినా పని అయిపోయినట్టు కాదు. వేలం నోటీసు రద్దయినట్టు కౌంటీ రికార్డులో విడిగా నమోదు కావాలి. నేను నిన్న చూస్తే ఇంకా కాలేదు, ఆ నేరు నంబరుకు మళ్లీ ఫోను చేశాను. 2012లో ఎవరికి ఓటేస్తావని మా తమ్ముడు అడుగుతున్నాడు. ఇంటి యజమానులకు ఇంతకంటే మేలైన ప్రతిపాదన అవతలి పార్టీ నుంచి ఒక్కటీ నాకు కనబడలేదు కనుక ఒబామా గారికే వేస్తాను. చందా అడుగుతూ ఆయన ప్రచార బృందం పంపే ఈమెయిళ్లను మాత్రం తెరవడం మానేశాను.