మణికట్టు మీద నివురుగప్పిన నిప్పు

బుధవారం, రాత్రి పదిన్నర

పొద్దున ఏడింటికి ఎడమ మణికట్టు మీద రెండు చుక్కలు రాసుకున్నాను. పదిహేను గంటలు దాటినా చెయ్యి ఇంకా ముక్కు దగ్గరికే పోతోంది. ఇప్పుడు వస్తున్న వాసన పొద్దున వచ్చింది కాదు, మధ్యాహ్నం వచ్చిందీ కాదు. మర్చిపోకముందే రాసిపెట్టుకోవాలి.

నిన్న ఈ శాంపిల్‌కి అన్యాయం చేశాను. రెండు మిల్లీలీటర్ల సీసా. నీష్ పర్ఫ్యూమ్ అంటారు కదా, చిన్న సంస్థలు కొద్ది సీసాలే చేసే రకం. ధూపం స్ఫూర్తితో చేసిందనగానే ఆత్రం ఆగక మెడకి, రెండు చేతులకి, చొక్కాకి కూడా పట్టించాను. అరగంటలో తల దిమ్మెక్కింది. ఏళ్ల తరబడి మూసిన గది తలుపు తీసినట్టు తడి మట్టి, నానిన చెక్క, చల్లారిన బూడిద. ధూపం అన్నారు, మరి పొగ ఏదీ? స్నానం చేసి పడుకున్నాను.

అందుకే ఇవాళ నిదానంగా మొదలుపెట్టాను. రెండు చుక్కలు చేతికి, ఒక చుక్క పేపర్ స్ట్రిప్‌కి. స్ట్రిప్‌ని కీబోర్డు పక్కన పెట్టుకుని పనిలో పడ్డాను.

మొదటి పావుగంట రెండూ ఒకటే. మిరియాల ఘాటు, నిమ్మతొక్క చురుకు, వెనకాల పైన్ చెట్టు. అది ఫ్రాంకిన్సెన్స్. ఒమన్‌లోని ధోఫార్‌లో చెట్టు బెరడుకి గాటు పెడితే పాలలా కారి, గాలికి గట్టిపడే బంక. నిప్పుల మీద వేస్తేనే అది మనకు తెలిసిన ధూపం అవుతుంది. పచ్చి నూనెగా ఉన్నప్పుడు ఇలా చల్లగా, పుల్లగా ఉంటుంది. 'పర్ఫ్యూమ్' అన్న మాట లాటిన్‌లో 'పొగ గుండా' అనే అర్థంలోంచి పుట్టింది. అయినా పొగని సీసాలో పోయడం ఎవరి తరమూ కాదు. బర్చ్ చెట్టు బెరడుని కాల్చి తీసే తారు లాంటివి కలిపి కాలిన వాసన తెప్పిస్తారు. ఇందులో ఆ తారు వాసన ఉండీ లేనట్టుంది. నిన్న నేను వెతికింది దాన్నే.

పదకొండింటికి దారులు వేరయ్యాయి. కాగితం మీద మిరియం నీరసించి, చప్పబడిపోయింది. చేతి మీద మాత్రం మట్టి లేచింది. వట్టివేరుని వెంటనే గుర్తుపట్టాను. దాని పక్కన పచోలీ ఆకు. ఇంకా కింద, మసిబారిన చెక్కలాంటిది ఇంకొకటి. అది తుంగముస్తల జాతి గడ్డ, నాగర్‌మోతా అని నా నమ్మకం. పర్ఫ్యూమ్‌లవాళ్లు సిప్రియాల్ అంటారు, అగరు ఛాయ తేవడానికి చాలామంది వాడేది అదే. ఈ మూడింట్లో రెండు నేలలోంచి తవ్వి తీసినవే. నాకు ఈ పర్ఫ్యూమ్‌లో అన్నిటికంటే నచ్చింది ఈ గంటన్నర.

లంచ్ తర్వాత పక్క సీటు ఆవిడ అడిగారు, "మీ దగ్గర పాత పుస్తకాల వాసన వస్తోందేంటండీ? బాగుంది." ఎంత సంతోషం వేసిందో.

అప్పుడే గుర్తొచ్చింది, జపాన్‌లో కోడో అనే ధూపకళ. మనం వాసన చూస్తాం, వాళ్లు వింటారు. పాత్ర నిండా మెత్తటి బూడిద, అందులో పాతిపెట్టిన నిప్పుకణిక, పైన చిన్న అభ్రకం పలక, దాని మీద గోటి ముక్కంత అగరు. చెక్క కాలకూడదు, వేడెక్కాలి అంతే. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైందన్నమాట. నారాలోని షోసోయిన్ భాండాగారంలో రాన్‌జాతాయ్ అని 11.6 కిలోల అగరు దుంగ ఉంది. 1574లో అప్పటి యుద్ధ ప్రభువు ఓదా నోబునాగా దాంట్లోంచి చిన్న ముక్క కోయించుకున్నాడు, 1877లో మేజీ చక్రవర్తి ఇంకొకటి. కోసిన చోట ఎవరు కోశారో తెలిపే చీటీలు ఇప్పటికీ ఉన్నాయి. అంత అధికారం చేతిలో ఉండి కూడా చిన్న ముక్కతో సరిపెట్టుకున్నారు. నేనేమో నిన్న చొక్కాకి కూడా పూశాను.

ఈ పర్ఫ్యూమ్ చేసినవాళ్లు ధూపంలోని మంటని కాదు, ఆ కణికని తీసుకున్నారు. కాగితానికి ఒంటి వేడి లేదు, అందుకే అది ముందుకి కదల్లేదు. నా మణికట్టే ఇక్కడ అభ్రకం పలక.

సాయంత్రానికి మట్టి సర్దుకుని బంక మళ్లీ పైకొచ్చింది. ఈసారి పులుపు లేదు. పాత రాతి కట్టడం లోపలి గాలిలా, పొడిగా, గంభీరంగా ఉంది. ఫ్రాంకిన్సెన్స్‌కి ఆ 'పాత చర్చి' వాసన ఎక్కడిదో 2016లో ఫ్రాన్స్‌లోని నీస్ పరిశోధకులు పట్టుకున్నారు. నూనెలో లేశమాత్రంగా ఉండే రెండు ఆమ్లాలట, వాటికి ఒలిబానిక్ ఆమ్లాలని పేరు పెట్టారు. అంత కొంచెం పదార్థం ఇంత దూరం రావడం నాకు ఇంకా అబ్బురంగానే ఉంది.

ఇందాక గిన్నెలు కడుగుతుంటే వేడినీళ్లు మణికట్టుకి తగిలాయి. ఇక అయిపోయిందనుకున్న వాసన ఒక్కసారి లేచింది. గంధం, దాని కింద కాస్త బూడిద, తీపి కాని వెచ్చదనం. కుళాయి కట్టేసి అక్కడే నిలబడిపోయాను.

స్ట్రిప్ ఇప్పుడు ఉత్త కాగితం. సీసాలో సగానికి కొంచెం తక్కువ మిగిలింది. రేపు ఒక్క చుక్క, మోచేతి మడతలో.