దేవుడికే కాదు, పప్పులోకీ పూలు: నా అనుభవం

హన్మకొండలో మా మిద్దె మీద పూసే పూలలో సగం ఇప్పుడు వంటింటికే వెళ్తున్నాయి. గుమ్మడి పువ్వు పెసరపప్పులోకి, మునగ పువ్వు కోడిగుడ్డు పొరటులోకి, శంఖు పువ్వు సాయంత్రం తాగే వేడినీళ్లలోకి. బడి పని టెన్షన్‌లో టీ మీద టీ తాగడం, అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టకపోవడం మామూలైపోయిన రోజుల్లో, సాయంత్రం టీ మానమని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. మానేస్తే ఆ వేళకు చేతిలో వేడి గ్లాసు లేక ఏమీ తోచేది కాదు. దానికి బదులు ఏం తాగాలా అని చూస్తూ చూస్తూ పూల దాకా వచ్చాను.

ఏ పువ్వు తినవచ్చో, ఏది తినకూడదో ముందు తేల్చుకోవాలి. మా అత్తమ్మ నాకు బతుకమ్మ పూలతోనే ఈ పాఠం మొదలుపెట్టింది. గౌరమ్మను పెట్టే గుమ్మడి పువ్వు కూరకు వస్తుంది. గునుగుకు లేత ఆకే కూర. తంగేడు పూలను నీడన ఎండబెట్టి కషాయం కాస్తారు. 2014లో తంగేడు మన రాష్ట్ర పుష్పం అయ్యింది కానీ, మా ఊరి గట్ల మీద అది ఎప్పటినుంచో మందుచెట్టే. గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మాత్రం పూజకే. ఒక్క రేక కూడా నోట్లో పెట్టకూడదు. గన్నేరు విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఇంట్లో పూలు వండడం మొదలుపెడితే, పిల్లలకు ముందు ఈ నాలుగు చెట్లను చూపించి చెప్పండి.

బజారులో కొన్న పూలను వంటకు వాడను. అవి దండల కోసం పండించినవి, ఏ మందు ఎప్పుడు కొట్టారో మనకు తెలియదు. రోడ్డు పక్క తంగేడు కూడా వద్దు, దుమ్మూ పొగా అంతా దాని మీదే ఉంటుంది. అందుకే సొంతంగా పెంచుకోవడం తప్ప దారి లేదనిపించింది.

గుమ్మడి తీగను పెద్ద డ్రమ్ములో పెట్టాను. సగం మట్టి, సగం బాగా మాగిన పశువుల ఎరువు. తీగ పాకగానే మొదట వరుసగా మొగపూలే వస్తాయి, కాయ పడదేమో అని దిగులు అక్కరలేదు. మొగపువ్వుకు వెనక సన్నటి కాడ ఒక్కటే ఉంటుంది, ఆడపువ్వుకు గుండ్రటి చిన్న పిందె ఉంటుంది. "మొగపూలే తెంపు బిడ్డా, అన్నీ తెంపకు, ఈగలకు కొన్ని ఉంచు" అనేది అత్తమ్మ. తేనెటీగలు రాని రోజు మొగపువ్వు తెంపి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దుతాను. ఆ పని అయ్యాక అదే పువ్వు పప్పులోకి పోతుంది. ఇదంతా పొద్దున్నే జరగాలి, ఎండ ఎక్కేసరికి పువ్వు ముడుచుకుంటుంది. లోపలి కేసరాన్ని, కింది ఆకుపచ్చ రెక్కలను తీసేసి, చీమలు ఉన్నాయేమో చూసి కడగాలి. పప్పు ఉడికాక చివర్లో వేస్తే చాలు, రెండు నిమిషాల్లో మగ్గుతుంది. ఆదివారం అయితే శనగపిండిలో కొంచెం బియ్యప్పిండి, వాము, కారం కలిపి బజ్జీలు వేస్తాను. పిల్లలకు ఇవి మిరపకాయ బజ్జీల కన్నా ఇష్టం.

కషాయానికి వాడే మందారం పెంచడంలో ఓపిక కావాలి. పిండినల్లి పట్టిందంటే మొగ్గలన్నీ తెల్లటి దూదిలా కప్పేస్తుంది. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి, ఆకులకూ కాడలకూ సబ్బునీళ్లలో కలిపిన వేపనూనె చల్లుతాను. ఆ వారం పూలు దేవుడికే, కషాయానికి కాదు. అత్తమ్మకు బీపీ గోళీలు ఉన్నాయి కాబట్టి డాక్టర్‌ను అడిగాకే ఆమెకు మందార టీ ఇచ్చాను. షుగర్ మందులు వాడేవాళ్లు తంగేడు కషాయం తాగాలనుకున్నా అడిగే తాగాలి. గర్భిణులు ఈ కషాయాల జోలికి పోకపోవడమే మంచిది. పువ్వు ఏదైనా మొదటిసారి కొంచెమే తిని చూడాలి, పుప్పొడి పడనివాళ్లు ఉంటారు.

నా సాయంత్రం టీ స్థానం చివరికి శంఖు పువ్వుకే దక్కింది. ఐదారు పూల తొడిమలు తీసి, కప్పు వేడినీళ్లలో వేసి మూత పెడితే నీళ్లు ముదురు నీలం అవుతాయి. నిమ్మరసం పిండితే ఊదారంగుకు మారుతాయి, పువ్వులోని ఆంథోసయనిన్ అనే రంగు పులుపు తగిలితే అలా మారుతుంది. రుచి పెద్దగా ఉండదు, అల్లం ముక్క వేస్తేనే నాకు తాగాలనిపిస్తుంది. నిద్ర ఇప్పుడు బాగానే పడుతోంది. టీలోని కెఫీన్ మానడం వల్లే అది జరిగిందని నా నమ్మకం, శంఖు పువ్వులో కెఫీన్ లేదు. సెల్‌ఫోన్‌లో వచ్చే వీడియోలు ఈ పువ్వు సర్వరోగ నివారిణి అంటాయి, నేను మాత్రం అలా చెప్పను.

మిద్దె మీద పెరగనిది ఇప్పపువ్వు. ఎండాకాలం మొదట్లో ములుగు, ఏటూరునాగారం అడవుల్లో తెల్లవారుజామున రాలితే కోయవాళ్లు ఏరి ఎండబెడతారు. ఆదిలాబాద్ వైపు ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు దీనితో లడ్డూలు చేసి అమ్ముతారు. ఇప్ప అంటే సారా ఒక్కటే గుర్తొచ్చేవాళ్లు ఒక్కసారి ఈ లడ్డూ తినాలి. నేను ఎండుపూలు తెచ్చి, లోపలి కేసరాలు దులిపి, దోరగా వేయించి నువ్వులు, బెల్లంతో దంచి ముద్దలు కడతాను. పువ్వులోనే తీపి ఉంది కాబట్టి బెల్లం తక్కువ చాలు.

ఈ మృగశిర కార్తెకు ఊళ్లో బాయి దగ్గర అవిసె చెట్టు గింజలు (నూనె తీసే అవిసెలు కాదు) వేయాలని ఉంది. తెల్ల అవిసె పూలలో మధ్యనున్న చేదు కేసరం తీసేసి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చితో వేపుడు చేస్తే జొన్నరొట్టెలోకి బాగుంటుందని అత్తమ్మ అంటోంది.