నాలుగు లైన్ల కాగితం

కమిటీ సెక్రటరీ గారు, అదే మన గుండు, మన స్కూలు పాత విద్యార్థుల సంచికకి నెలాఖరులోపు వ్యాసం పంపకపోతే గ్రూపులోంచి తీసేస్తానని బెదిరించాడు. రేకుల షెడ్డు గురించి, తెలుగు మేడం గొడుగు గురించి ఎలాగూ పుల్లట్టు బ్యాచ్ రాస్తుంది. నేను మన బాస్కెట్‌బాల్ టీమ్‌లోని పొడుగు గురించి, ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారి గురించి రాస్తాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏం చదివానని అడిగితే ఒక్క ముక్క చెప్పలేను.

మాస్టారు మొదట్లో బంతి ముట్టుకోనిచ్చేవారు కాదు కదా. ఒక పాదం చుట్టూ సున్నంతో గీత గీసేవారు. ఆ పాదం అక్కడే ఉంచి, రెండో కాలు అటూ ఇటూ వేస్తూ ఒళ్లు తిప్పాలి. గీత చెదిరిందా, గ్రౌండు చుట్టూ పరుగే. ఆయన వంగి, కళ్లజోడు తీసి మరీ చూసేవారు. పొడుగు పాదం ఆ గీతలో పట్టేది కాదు, వాడికి వేరే గీత. పదో తరగతికే ఆరడుగుల రెండంగుళాలు! పదడుగుల ఎత్తున్న రింగుకి వేలాడి, తూర్పు వైపుది వంచేశాడు. వాడు వంచలేదని ఇప్పటికీ వాదిస్తాడు.

1991 వేసవిలో, జిల్లా ఫైనల్ గెలిచాక, వాణ్ని తమ జట్టులో చేర్చుకుందామని కాలేజీల వాళ్లు స్కూటర్లేసుకుని వాడింటికి రావడం మొదలుపెట్టారు. ఒకాయన స్వీట్ల డబ్బా, ఇంకొకాయన వాచీ. వాళ్లమ్మ హడలిపోయి, "మావాడేం చేశాడు బాబూ?" అంది. మిల్లులో బస్తాలు మోసే వాళ్ల నాన్న అందర్నీ మాస్టారి దగ్గరకే తోలుకొచ్చాడు.

మాస్టారు రోలర్ మీద కూర్చుని, నా దస్తూరీ బాగుంటుందని నన్ను షరతులు రాయమన్నారు. ఒకటి, హాస్టలూ భోజనమూ ఉచితం. రెండు, బూట్లు కాలేజీవే (పదకొండో నంబరు మనూళ్లో దొరికేది కాదు). మూడు, పరీక్షలప్పుడు టోర్నమెంట్లకు పంపకూడదు. నాలుగు, దెబ్బ తగిలి ఆడలేకపోయినా రెండేళ్లూ సీటు, హాస్టల్ గది ఉండాల్సిందే.

మూడో లైను దాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు. నాలుగోది వినగానే వాచీ తెచ్చినాయన వాచీ జేబులో పెట్టుకుని లేచాడు. ఇంకొకాయన మళ్లీ వస్తానని వెళ్లి రాలేదు. చివరికి ఒక్క కరస్పాండెంటే సంతకం పెట్టాడు. "స్టాంపు కూడా వెయ్యండి సార్" అన్నారు మాస్టారు.

ఇదంతా నాకు మళ్లీ గుర్తుకు రావడానికి కారణం అమెరికాలో, సౌత్ కరోలైనా రాష్ట్రంలో మా ఊరు స్పార్టన్‌బర్గ్. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో పెయింట్ షాపు నా చేతి కింద నడుస్తుంది. మా ఊళ్లోని చిన్న ప్రైవేటు స్కూల్లో జయాన్ విలియమ్సన్ అనే కుర్రాడు ఆడేవాడు. ఆరడుగుల ఆరంగుళాలు, మనిషి కొండ, ఎగిరితే పక్షి. తొమ్మిదేళ్లప్పటినుంచే పొద్దున్న అయిదింటికి సవతి తండ్రి లేపి ప్రాక్టీసు చేయించేవాడట. మిడిల్ స్కూల్లో కోచ్ వాళ్లమ్మే. 2018 జనవరి 20న స్కూల్ జిమ్‌లో, టీవీ కెమెరాల ముందు, డ్యూక్ యూనివర్సిటీలో చేరతానని చెప్పాడు. క్లెమ్సన్, కెంటకీ, కాన్సస్, నార్త్ కరోలైనా, సౌత్ కరోలైనా యూనివర్సిటీలు ఉసూరుమన్నాయి. మా ఆఫీసులోనైతే క్లెమ్సన్ ఖాయమని పందేలు కాసినవాళ్లున్నారు!

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, నార్త్ కరోలైనాతో మ్యాచ్ మొదటి నిమిషంలోనే బూటు చిరిగి, మోకాలు బెణికి పడ్డాడు. నాకు వెంటనే మాస్టారి నాలుగో లైను తట్టింది. ఇక్కడి కాలేజీ ఆటల్లో స్కాలర్‌షిప్‌ 1973 నుంచి ఏ ఏటికా ఏడు ఇచ్చేదే. ఒకటి కంటే ఎక్కువేళ్లకు ఇవ్వడానికి 2012లో గానీ ఒప్పుకోలేదు. ఆట బాగాలేదని తీసెయ్యకూడదని పెద్ద కాన్ఫరెన్సులు (కాలేజీ జట్ల లీగులు) రూలు పెట్టుకున్నది 2015లో. మన మాస్టారు 1991లోనే రాయించేశారు, అదీ నా చేత! జయాన్ కోలుకుని ఆడాడు, ఆ జూన్‌లోనే ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటివాడుగా న్యూ ఆర్లియన్స్ జట్టుకి వెళ్లాడు.

మన పొడుగు మాత్రం ఇంటర్ రెండో ఏడాది దసరా ముందు మోకాలు విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ ఆడలేదు. హాస్టల్ గది ఖాళీ చెయ్యమని కాలేజీ వాళ్లు కబురు పెడితే, మాస్టారు బస్సెక్కి వెళ్లి ఆ కాగితం టేబుల్ మీద పెట్టి, మంచినీళ్లు తాగి వచ్చేశారట. అదే గదిలో చదువుకుని వాడు ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. ఇప్పుడు బ్యాంకు మేనేజరని మీకు తెలుసు, మీలో సగం మంది ఇళ్లకి లోనిచ్చింది వాడేగా.

మా అమ్మాయి ఇక్కడ స్కూల్ టీమ్‌లో పాయింట్ గార్డ్, అంటే ఆట నడిపించేది. పాదం తిప్పడం సుద్ద గీత గీసి నేనే నేర్పాను, సున్నానికి వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

గుండూ, ఆ కాగితం పొడుగు బీరువాలోనే ఉంది, నిన్ననే ఫోన్‌లో చెప్పాడు. స్కాన్ చేసి సంచికలో వెయ్యి. చోటు చాలకపోతే నా వ్యాసం తీసెయ్, కానీ దస్తూరీ ఎవరిదో కింద తప్పకుండా రాయి.