చెంబులో రెండు కాలాల పూలు

మా బళ్లో డ్రాయింగ్ పీరియడ్ వారానికి ఒక్కటే, శుక్రవారం మధ్యాహ్నం. సిలబస్ కాలేదంటూ అదీ లెక్కల మాస్టారు లాగేసుకునేవారు. మా 1987 పదో తరగతి బ్యాచ్ వాళ్లు ఎవరైనా సాక్ష్యం చెబుతారు.

మేం తొమ్మిదిలో ఉన్నాం. 1985 కార్తీక మాసం. డ్రాయింగ్ మాస్టారు బల్ల మీద ఇత్తడి చెంబు పెట్టి, వెనక నీలం దుప్పటి వేలాడదీసి, బంతిపూలు సర్ది "గీయండ్రా" అన్నారు. నా పీరియడ్ సగం చెంబు మూతితోనే సరిపోయింది. గుండ్రంగా గీశాను. "బావిలోకి తొంగి చూస్తున్నావా? నువ్వు కూర్చున్న చోటికి అది కోలగా కనపడాలి" అని పెన్సిలు లాక్కుని దిద్దారు. మిగిలిన కాసేపట్లో బంతులు వేశాను.

మళ్లీ శుక్రవారానికి బంతులు వాడిపోయాయి. ఈసారి చామంతులొచ్చాయి. సంక్రాంతి సెలవులు, ఆపైన లెక్కలు... నేను మళ్లీ ఆ బొమ్మ ముందు కూర్చునేసరికి చెంబులో మల్లెకొమ్మ ఉంది. తెల్లరంగు ట్యూబు మూత తీయబోతే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. "కాయితమే మల్లెపువ్వురా. దాన్ని ముట్టుకోకుండా చుట్టూ నీలం చిక్కగా వెయ్యి." వేశాను. రంగు వెయ్యని చోట పువ్వు లేచి కూర్చుంది! నీళ్లరంగుల గురించి నాకు ఈ రోజుకీ తెలిసింది అదొక్కటే.

వరండాలో అతికించిన ఆ బొమ్మ చూసి, తనిఖీకి వచ్చినాయన నవ్వారు. "బంతి, మల్లె కలిసి ఏ ఊళ్లో పూస్తాయి బాబూ?" నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "మా బళ్లో పూస్తాయండీ" అన్నారు మాస్టారు, తాపీగా.

మొన్నామధ్య లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, వాన పడుతుంటే నేషనల్ గ్యాలరీ అనే బొమ్మల మ్యూజియంలో దూరాం. లోపలికి టికెట్ అక్కర్లేదు కదా! అక్కడ యాన్ వాన్ హైసమ్ అనే డచ్చి చిత్రకారుడి బొమ్మ ఒకటి ఉంది. మట్టి కూజా నిండా పూలు, కింద గుడ్లతో పిట్టగూడు. సంతకం దగ్గర రెండేళ్లు వేసుకున్నాడాయన: 1736, 1737. పువ్వు ఎదురుగా ఉంటే గానీ గీసేవాడు కాదట. పసుపు గులాబీ దొరక్క ఒక బొమ్మ ఆగిపోయిందని ఉత్తరం కూడా రాశాడట.

నాలో నేనే నవ్వుకుంటుంటే అమ్మాయి కారణం అడిగింది. చెప్పాను. "మరి నీ బొమ్మేది నాన్నా?" అంది.

మా అమ్మ దాన్ని వంటింటి గూట్లో పోపుడబ్బా కింద పరిచింది. పసుపు పడి బంతులు ఇంకాస్త బాగుపడ్డాయి కూడా.