దెబ్బకు గడువు, మంత్రానికి ఖరీదు

ప్రతి వేసవిలో డాలస్ నుంచి మల్కాజిగిరిలోని మా అమ్మ దగ్గరికి బయలుదేరే ముందు పిల్లల పెట్టెలు ఒకసారి తెరిచి చూడడం నాకు అలవాటు. ఈసారి పద్నాలుగేళ్ల మా అబ్బాయి పెట్టెలో బట్టలకన్నా పైన గుడ్డసంచి నిండా పాచికలు, వాటి కింద ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అయిదో కూర్పు పుస్తకాలు కనిపించాయి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఈ ఆటలో ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవారు తలొక పాత్రగా మారి ఏం చేస్తారో నోటితో చెబుతారు, తేలని సంగతిని పాచిక తేలుస్తుంది. నోటితో చెప్పాలన్న నియమమే నాకు ఆశ పుట్టించింది. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. మా అన్నయ్య పిల్లలతో కలిసి ఆదివారాలు నాలుగు గంటల పాటు ఒక కథలో చిక్కుకుంటే ఆ అలవాటు కొంతైనా సడలకపోదా అనుకున్నాను.

మొదటి ఆదివారమే ఆట ఆగిపోయింది. ఆపినవాడు మా మేనల్లుడు. వాడి పాత్ర సాయంత్రం నాలుగు కత్తిపోట్లు తిని పడిపోయింది. రాత్రి ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకోగానే, నియమాల ప్రకారం, పోయిన బలమంతా తిరిగి వచ్చేసింది. “ఇదేం యుద్ధం బావా, పొడిపించుకున్నోడు పొద్దున్నే లేచి ఇడ్లీ తింటాడా?” అన్నాడు. మా అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు కానీ కాసేపటికి ఒప్పుకున్నాడు. 1974లో మొదలైన ఆ ఆటలో తప్పేమీ లేదు. అది వీరుల కోసం అల్లిన ఆట, వీరులు త్వరగా కోలుకోవాలి. మా పిల్లలకు కావలసింది వేరు. దెబ్బ తగిలితే దెబ్బలాగే ఉండాలి, మంత్రం వేస్తే వేసినవాడికి ఏదో ఒకటి ఖర్చు కావాలి. అటువంటి ఆటను వెతికే పని, ఎంఎస్ రోజుల్లో కొంతకాలం ఇవి ఆడిన దాన్ని కాబట్టి, నా మీద పడింది.

‘గర్ప్స్’ను త్వరగానే పక్కన పెట్టాము. 1986 నాటి ఆ పద్ధతిలో పోరాటంలోని ఒక్కొక్క వంతు ఒక్క సెకను మాత్రమే. నిజానికి దగ్గరగా ఉంటుంది, కానీ పదకొండేళ్ల మా మేనకోడలు మూడో సెకనుకే లేచి మామిడిపండు కోసుకోవడానికి వెళ్లిపోయింది. ‘వార్‌హామర్’ నాలుగో కూర్పులో ఏ అవయవానికి ఎంత ఘోరమైన గాయమో చెప్పే పట్టికలను మగపిల్లలిద్దరూ ఆవురావురుమంటూ చదివారు, మంత్రం బెడిసికొడితే ఏమవుతుందో చెప్పే పట్టికలను ఇంకా ఇష్టంగా చదివారు. అయితే ఆ లోకం పాత జర్మనీని పోలిన సామ్రాజ్యం. దానికి బదులు మన ఊరిని తెచ్చి పెట్టబోతే, మంత్రం వెనుక వారు పెట్టిన ప్రళయశక్తుల కథ అడుగడుగునా అడ్డుపడింది.

మా అమ్మ ఇష్టపడింది మాత్రం ‘ఆర్స్ మ్యాజికా’. ముప్ఫై ఏళ్లు తెలుగు పండితురాలిగా పనిచేసిన ఆమెకు ఈ గోల ఎందుకు నచ్చిందో మొదట నాకు అర్థం కాలేదు. 1987లో వచ్చిన ఆ ఆటలో మంత్రాల జాబితాను నమ్ముకుని కూర్చోనక్కరలేదు. అయిదు క్రియలూ పది నామాలూ ఉంటాయి, ఒక క్రియను ఒక నామంతో జతచేస్తే మంత్రం తయారవుతుంది. మూలంలో అవి లాటిన్ మాటలు. అమ్మ వాటిని ఒక పాత క్యాలెండర్ వెనుక తెలుగులో రాసింది: సృష్టించు, గ్రహించు, మార్చు, నశింపజేయు, శాసించు, ఎదురుగా నీరు, గాలి, నిప్పు, మన్ను, దేహం, మనసు వగైరా. ఆ మధ్యాహ్నమంతా మా అమ్మాయి వంటింట్లో తిరుగుతూ “నిప్పును శాసించు”, “మనసును గ్రహించు” అంటూనే ఉంది. శనివారం తెలుగు బడిలో రెండేళ్లు కూర్చున్నా దాని నోట పలకని ద్వితీయా విభక్తి, గ్యాస్ పొయ్యి ముందు తప్పు లేకుండా పలికింది. మంత్రవిద్య వరకు చూస్తే ఇంతకంటే చక్కని అమరికను నేను చూడలేదు. కానీ ఆ ఆటకు ప్రాణం మాంత్రికుల మఠాల్లో ఏళ్ల తరబడి సాగే అధ్యయనం; కత్తి పట్టిన మా మేనల్లుడికి అందులో చేతినిండా పని దొరకదు.

చివరకు ‘మిత్రాస్’ దగ్గర నిలిచాము. దాని వంశం 1978 నాటి ‘రూన్‌క్వెస్ట్’ది. ముందు ఉచితంగా దొరికే సంక్షిప్త రూపంతో రెండు పోరాటాలు ఆడి చూశాము. మనిషి దేహం ఏడు భాగాలు: తల, ఛాతీ, పొట్ట, రెండు చేతులు, రెండు కాళ్లు. దెబ్బ ఎక్కడ పడిందో పాచిక చెబుతుంది, అక్కడ కవచం ఉంటే అది కొంత ఆపుతుంది, కానీ దాని బరువు తొడుక్కున్నవాడిని మందగింపజేస్తుంది. ఎదుటివాడికన్నా మెరుగ్గా కొట్టినవారు కేవలం బలం తగ్గించి ఊరుకోరు; ఆయుధం జారిపోయేలా చేయవచ్చు, కాలు తగిలించి పడేయవచ్చు, లొంగిపొమ్మని అడగవచ్చు. ఈ చివరిదాన్ని పిల్లలు నేను ఊహించనంతగా వాడారు, ఎందుకంటే గాయాల నియమం అంత కఠినం. చిన్న గాయం రోజుల లెక్కన, తీవ్రమైనది వారాల లెక్కన, మరీ పెద్దది నెలల లెక్కన మానుతుంది.

కథను గోల్కొండలో పెట్టుకున్నాము, 1687లో, ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు కోటను చుట్టుముట్టిన ఏడాది. పిల్లలను తీసుకెళ్లి ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించాను, బాలా హిస్సార్ ఎక్కించాను, లోపలివాడే తలుపు తీసిన రాత్రి గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ దాదాపు ఒంటరిగా ఎదురు నిలిచిన సంగతి చెప్పాను. ఆయన ఒంటి మీద డెబ్బైకి పైగా గాయాలు లెక్కపెట్టారనీ, శత్రువే వైద్యులను పంపి బతికించాడనీ చరిత్రకారులు రాశారు. మా అబ్బాయి అక్కడికక్కడే లెక్క మొదలుపెట్టాడు: డెబ్బై గాయాలు, ఏడు భాగాలు, కోలుకోవడానికి ఎన్ని నెలలు? ఎండలో మెట్ల మీద కూర్చుని బావా బావా ఇద్దరూ అరగంట వాదించుకున్నారు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు, నడుమ మా మేనల్లుడి హిందీ.

మంత్రాల దగ్గర ఇల్లు రెండుగా చీలింది. మిత్రాస్‌లో మంత్రశక్తికి అయిదు దారులు ఉన్నాయి: జానపద మంత్రాలు, భూతప్రేతాలతో పొత్తు, యోగసాధనలాంటిది, గ్రంథస్థమైన మంత్రవిద్య, దైవారాధన. ఆరాధన దారిలో భక్తుడి శక్తి ఖర్చయితే పుణ్యస్థలంలో పూజచేసి తిరిగి నింపుకోవాలి. “పాచికల్లో దేవుణ్ణి కలపకండి, మంత్రం అంటే గారడీ కాదు” అంది అమ్మ. నిజం చెప్పాలంటే నాకూ కాస్త గుచ్చుకుంది. వేరే ఖండంలో పెరుగుతున్న పిల్లలు మన దేవతలను మొదటిసారి అంకెల పట్టికలో కలుసుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ అభ్యంతరం చెప్పిన అమ్మే, ఖర్చయ్యే శక్తి అంటే ఏమిటో వివరించబోయి విశ్వామిత్రుడి కథ ఎత్తుకుంది: త్రిశంకుడి కోసం కొంత తపస్సు ధారపోశాడు, మేనక వల్ల కొంత పోగొట్టుకున్నాడు, రంభను కోపంతో శపించి ఇంకొంత, ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి. ప్రవాసుల సభల్లో త్రిశంకు స్వర్గం పోలిక విని విని విసిగిపోయిన నాకు కూడా, ఆ కథ తపస్సు జమాఖర్చుల కథలా వినిపించడం అదే మొదలు. “అయితే కోపమొస్తే పాయింట్స్ పోతాయా?” అని మా అమ్మాయి అడిగింది. “పోతాయే, మరి!” అంది అమ్మ. కోపంతో వేసిన మంత్రానికి రెట్టింపు ఖర్చు అన్న నియమం ఆ రోజు చేరింది. పుస్తకంలో లేదు, మా ఇంట్లో ఉంది. నిజమైన దేవతల పేర్లు వాడకూడదన్నది ఇంకో నియమం.

ఆషాఢంలో లష్కర్ బోనాలకు వెళ్లి, మరునాడు పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి చెప్పే రంగం చూసి వచ్చాక, అది అయిదింటిలో ఏ దారి అని మా అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేదు. అది ఆటలోకి రాదని మాత్రం అన్నాను. పిల్ల మారుమాట్లాడకుండా ఊరుకుంది, ఆ ఊరుకోవడం నాకు నచ్చింది.

తిరుగు ప్రయాణానికి ముందటి ఆదివారం మూసీ ఒడ్డున జరిగిన పోరులో మా అమ్మాయి పాత్రకు కుడికాలి మీద పెద్ద గాయమైంది. లొంగిపోతావా అని శత్రువు అడిగితే ఒప్పుకోలేదు మరి. ఇప్పుడు డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే మల్కాజిగిరిలో ఆదివారం ఉదయం ఏడింటికి, వీడియోలో ఆట సాగుతోంది. ఆ పాత్ర ఇంకా కార్వాన్‌లో ఒక హకీము ఇంటి అరుగు మీదే ఉంది. కాలు మానడానికి మరో రెండు నెలలు పడుతుంది కాబట్టి, అంతవరకు వచ్చేపోయేవాళ్లను మాటల్లో పెట్టి కబుర్లు రాబట్టడమే దాని పని, అదీ తెలుగులోనే, ఎందుకంటే ఆ హకీము పాత్ర వేస్తున్నది అమ్మమ్మ.