పాత డీవీఆర్ కోసం యాక్టివ్‌ఎక్స్ ల్యాబ్: ఇప్పటివరకు

ఈ పాత సీసీటీవీ డీవీఆర్ (కెమెరా వీడియో రికార్డు చేసే పెట్టె) పేజీ ఐఈలో, అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోదు. వీడియో చూపడానికి అది యాక్టివ్‌ఎక్స్ వాడుతుంది, అంటే వెబ్ పేజీ నుంచి కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ ముక్కల్ని (కంట్రోల్స్ లేదా కాంపొనెంట్లు) నడిపే పద్ధతి. ఐఈ సైట్లను భద్రత ప్రకారం జోన్లుగా విడదీస్తుంది; మామూలు బయటి సైట్లన్నీ ఇంటర్నెట్ జోన్‌లోకి వస్తాయి. వెంట వచ్చిన సూచనల కాగితంలో ఆ ఇంటర్నెట్ జోన్‌కే "ఇనిషియలైజ్ అండ్ స్క్రిప్ట్ యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్స్ నాట్ మార్క్‌డ్ యాజ్ సేఫ్"ను (సేఫ్ అన్న ముద్ర లేని కంట్రోల్స్‌ని కూడా పేజీలు నడపనివ్వడం) ఎనేబుల్ చేయమని ఉంది. అలా చేస్తే ఏమవుతుందో కళ్లారా చూడాలనే ఈ ల్యాబ్.

శనివారం: వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) విండోస్ 7, ఐఈ 8. హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్, అంటే అసలు ల్యాప్‌టాప్ (హోస్ట్)తో తప్ప బయటికి దారి లేదు. వెనక్కి వెళ్లడానికి స్నాప్‌షాట్ తీశాను. పరీక్ష పేజీని డిస్క్ నుంచి తెరిస్తే జోన్ మారిపోతుంది కాబట్టి, హోస్ట్‌లో చిన్న పైథాన్ సర్వర్ పెట్టి 192.168.56.1 నుంచి తెరిచాను. చుక్కలున్న ఐపీ అడ్రస్‌ని ఐఈ ఇంటర్నెట్ జోన్‌గానే లెక్కేస్తుంది.

పేజీలో ఉన్నది ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్‌ని (ఫైళ్లు చదివే, రాసే విండోస్ కాంపొనెంట్) పిలిచే కాస్త జేస్క్రిప్ట్ మాత్రమే. విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో జోన్స్ కింద 3 (ఇంటర్నెట్ జోన్), అందులో 1201 (పైన చెప్పిన ఆప్షన్) విలువ మారుస్తూ చూశాను. 3 ఉంటే ఆబ్జెక్ట్ తయారు కాలేదన్న ఎర్రర్. 1 ఉంటే ముందు అడుగుతుంది. 0 పెట్టగానే ఒక్క మాటైనా అడగకుండా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని పేర్లన్నీ పేజీలోకి వచ్చేశాయి. నాకు నిజంగా భయమేసింది. ఆ పేజీ ఎవరిదైనా కావచ్చు కదా! డెస్క్‌టాప్ మీద ఫైలు రాయబోతే మాత్రం ఐఈకి తక్కువ హక్కులిచ్చే ప్రొటెక్టెడ్ మోడ్ అడ్డుకుంది. చదవడాన్ని అది ఆపలేదు.

సేఫ్ అన్న ముద్ర కూడా కాంపొనెంట్ రాసినవాళ్లు తమకు తాము వేసుకునేదే. 1999లో స్క్రిప్ట్‌లెట్.టైప్‌లిబ్ అనే కంట్రోల్‌కి ఆ ముద్ర పొరపాటున పడి ఉంటే, కాక్ వార్మ్ దాన్నే వాడుకుని, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో మెయిల్ తెరిచినంత మాత్రాన కంప్యూటర్‌లోకి దూరింది. ఈ ఆప్షన్ ఎనేబుల్ చేస్తే ఆ పాటి ముద్ర కూడా అక్కర్లేదన్నట్టే.

ఆదివారం: ఇంటర్నెట్ జోన్‌లో 1201ని తిరిగి 3 చేశాను. డీవీఆర్ అడ్రస్ ఒక్కటే ట్రస్టెడ్ సైట్స్‌లో (నమ్మే సైట్ల జోన్) చేర్చాను. అది హెచ్‌టీటీపీయే కాబట్టి హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి అన్న టిక్ తీయాల్సి వచ్చింది. ఆ జోన్‌లో 1201కి ప్రాంప్ట్ (ముందు అడగడం) పెడితే సరిపోయింది, వీడియో వస్తోంది. అయితే ఆ జోన్‌లో ప్రొటెక్టెడ్ మోడ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అందుకే డీవీఆర్‌ని రౌటర్‌కి కాకుండా ల్యాప్‌టాప్ ఈథర్నెట్‌కి నేరుగా కలిపి, వర్చువల్‌బాక్స్‌లోని విండోస్‌ని ఆ పోర్ట్‌కే బ్రిడ్జ్ చేశాను (జతచేశాను). చూసేటప్పుడు వైఫై ఆఫ్.

తర్వాత కిల్ బిట్ (ఒక కాంపొనెంట్‌ని ఐఈ నడపకుండా ఆపే రిజిస్ట్రీ గుర్తు): పరీక్షలో వాడిన కాంపొనెంట్ సీఎల్ఎస్ఐడీకి (దాని గుర్తింపు సంఖ్య) కంపాటిబిలిటీ ఫ్లాగ్స్ విలువ 0x400 పెట్టి, 1201 సున్నాలో ఉన్నా ఆగుతుందో లేదో చూడాలి.